నిండుగా ఎక్కి, ఖాళీగా దిగే బండి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
కమాన్లు నాగుల్ మీరా చూస్తాడు,
స్టీరింగు నేను చూస్తాను.
మా ఇద్దరి షెడ్లకీ మధ్య
నూనె తాగి నల్లబడ్డ నేల, ఒక టీ బండి.

వేలంలో కొన్న మిలిటరీ లారీ తోలుకొచ్చాడు యేసురత్నం.
"ఆరంగుళాలు లేపు మీరా,
చూసినోడు తలెత్తి చూడాలి."
మీరా తలెత్తలేదు.
కొలిమిలో పట్టీ తిప్పుతూనే అడిగాడు:
"ఏం మోస్తావు?"

నీళ్లు.
మైలవరం దాటాక రాళ్లబాట మీద
తండాకి ఆరు డ్రమ్ములు, ఎండలున్నన్నాళ్లూ.
"మరి దిగేటప్పుడు?"
దిగేటప్పుడు ఏముంటుంది,
ఖాళీ డ్రమ్ముల మోత.

అదీ చిక్కు.
బరువుకి కట్టిన కమాను
ఖాళీబండిని మూకుట్లో పేలాల్లా ఎగరేస్తుంది.
ఖాళీకి కట్టిన కమాను
నాలుగో డ్రమ్ముకే చతికిలబడుతుంది.
గట్టితనం అమ్మడం తేలికంటాడు మీరా,
పట్టీ మీద పట్టీ ఎన్నయినా పేర్చొచ్చు,
ఎక్కడ ఆపాలో తెలిసినందుకే కూలి.

రెండు టీలు అయ్యేసరికి
ఆరంగుళాలు మూడున్నరకి దిగాయి.
పొడుగు మెయిన్ పట్టీ, దాని కింద పల్చటివి ఐదు.
అన్నిటికీ అడుగున, చివర్లు ఎవరినీ తాకకుండా
వంపు లేని మందపు పట్టీ ఒకటి, హెల్పరు.
బరువు పడినప్పుడే దానికి పని.
మిగతా వేళ ఊరికే ఉండాలి,
ఊరికే ఉండటం దానికి నేర్పడానికే
మీరాకి ఒకపూట పట్టింది.

లేపినోడికి లేపిన పేరొస్తుంది,
బండి మాత్రం నా గుమ్మంలోకొస్తుంది.
ఛాసీతో పాటు స్టీరింగు బాక్సు పైకి పోయింది,
ఇరుసు నేల దగ్గరే ఉండిపోయింది,
రెంటినీ కలిపే రాడ్డు నిచ్చెనలా వాలింది.
గుంటలో కమాను నొక్కుకున్నప్పుడల్లా
ఆ వాలు చక్రాన్ని తోస్తుంది.
చెయ్యి డ్రైవరుదే,
మాట గుంటది.

"పాత డ్రాప్ ఆర్మ్ కాల్చి వంచెయ్యరాదా" అన్నాడు యేసురత్నం.
గోడకి తగిలించిన విరిగిన ముక్క చూపించాను.
అది ఎవరి బండిదో నేను చెప్పను,
అతను అడగలేదు.
కిందికి వంపుతోనే పోతపోసిన కొత్తది వేశాం,
రాడ్డు పడుకుంది.

సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది,
అందుకే చేతులొదిలినా తిన్నగా పోతుంది.
ఈ లారీకి ఆ వాలు తగ్గింది.
కమానుకీ ఇరుసుకీ మధ్య
ఏటవాలు ఇనుపముక్కలు రెండు దూర్చి
యూ బోల్టులు బిగించాం.
చక్రాల ముందు కొలత, వెనక కొలత
నూలుదారంతోనే చూస్తాను ఇప్పటికీ.
ముందువైపు ఒక నూలు లోపలికి. అంతే.

ఇబ్రహీంపట్నం దాకా బూడిద లారీల వెనక,
ఆపైన డ్రమ్ముల్లో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటుండగా
నేను పక్కసీట్లో కూర్చుని
అతని మోచేతులు చూస్తున్నాను.
రాళ్లబాట మొదలైంది.
మోచేతులు పోట్లాడటం లేదు.
తండాలో బిందెలు వరస కట్టాయి,
ఎవరూ తలెత్తి లారీని చూడలేదు,
డ్రమ్ము పంపు ఎక్కడుందో చూశారు.

తిరుగు దారిలో ములుపు తిరిగాక
స్టీరింగు దానంతటదే తిన్నగా వచ్చింది.
యేసురత్నం నావైపు ఒకసారి చూసి
మళ్లీ రోడ్డు చూశాడు.

రాత్రి తొమ్మిదింటికి సెల్‌ఫోను లైటు పట్టుకుని
మీరా లారీ కింద దూరాడు.
పొద్దున హెల్పరు చివర తను పూసిన సుద్ద
చెరిగిపోయింది.
"ఎక్కేటప్పుడు చెరిగిందా, దిగేటప్పుడా?"
ఇద్దరం మొహాలు చూసుకున్నాం.
కింద నుంచే చెయ్యి చాపి
సుద్దముక్క యేసురత్నం చేతిలో పెట్టాడు.
"రేపు పైన నీళ్లు దించాక కొత్తగా పుయ్యి.
అది చెరక్కుండా ఇక్కడికొస్తే
అప్పుడియ్యి డబ్బులు."